డాలర్ ఒకటి

సోహార్ రేవుకి ఇవతల, కంటైనర్‌లో మా ఆఫీసు.
ఏసీ కింద బకెట్.
రాత్రి పదకొండింటికి
అది సగం నిండింది, నేను సగమయ్యాను.

జీతాల ఫంక్షన్ మళ్లీ ఆగింది
డి'మెల్లో దగ్గర.
గోవా మనిషి, రోజంతా క్రేన్ మీదుంటాడు.
ఇంటిపేరులో చిన్న కొక్కెం.
నాకు ముందు పనిచేసినాయన
క్వెరీని దండలా గుచ్చాడు
ముక్క, పేరు, ముక్క, నెల, ముక్క.
దారం ఆ కొక్కేనికి తగిలి తెగింది.
వెనకున్న నూట పద్నాలుగు మందీ
తెగినచోటే నిలబడిపోయారు.

పోనీ అని ఫంక్షన్‌లోని వేరియబుల్‌ని
కొటేషన్ల మధ్య అలాగే రాశాను.
"అలాంటి కాలమ్ లేదు" అంది.
లోపల పెంచుకున్న పేరే,
ఆ గోడ దాటితే తనదే గుర్తుపట్టదు.
క్యాంపులో అందరికీ అన్న అయినవాడు
గేటు బయట
రెసిడెంట్ కార్డు మీద నంబరైనట్టు.

అప్పుడు రాశాను
పేరుండాల్సిన చోట డాలర్ ఒకటి,
నెల ఉండాల్సిన చోట డాలర్ రెండు.
చివర్న, విడిగా, యూజింగ్ అని
ఏ కుర్చీలో ఎవరో.
ఇక పేరు పేరుగానే వస్తుంది.
కొక్కెంతో వచ్చినా సరే,
పొట్టలో డ్రాప్ టేబుల్ దాచుకుని వచ్చినా సరే,
అది విలువే గాని ఆజ్ఞ కాదు.

టేబుల్ పేరు మాత్రం ఆ కుర్చీలో కూర్చోదు.
మావాళ్లు క్యాంపుకో టేబుల్ కట్టారు.
దాన్ని జంట కొటేషన్లు తొడిగి
వాక్యం పుట్టకముందే కూర్చాలి.
మనిషిని తర్వాతైనా తెచ్చి పెట్టొచ్చు,
నేల ముందే ఉండాలి.
ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది,
డేటాబేస్‌లో కాదు.

ఒంటిగంట. సులైమ్ బలూషీ కరక్ చాయ్ పెట్టి
"ఖలాస్?" అన్నాడు.
కాలేదన్నాను.

"నా ఓటీ పడలే మేడం."
నిన్న పొద్దున గుగ్గిళ్ల పోచమల్లు,
హెల్మెట్ చంకలో పెట్టుకుని.
"మూన్నెల్లాయె. అడిగితె కంప్యూటర్ల ఉందంటరు."
కంప్యూటర్‌లో వెతికాను.
జమ లేదు. తప్పు కూడా లేదు.

క్యాంపు మారినప్పుడు ఎవరో పాత కోడ్ చెరిపారు,
కొత్తది రాయడం మరిచారు.
సున్నా అయినా ఒక అంకె, ఇది నల్.
ఏ మాటకి అతికించినా
మాటే మిగలదు.
పైగా ముందాయన శుభ్రంగా రాసిపెట్టాడు:
క్వెరీ నల్ అయితే, చప్పుడు చేయకుండా, తర్వాతి వాడు.

అంటే మూడు నెలలూ
పోచమల్లు గురించిన ప్రశ్నే పుట్టలేదు.
పుట్టని ప్రశ్నకి
జవాబు రాలేదని ఎవరు గమనిస్తారు?

నిద్రలో ఉన్న బస్సు డ్రైవర్‌కి ఫోన్ చేశాను.
తిట్టాడు, తర్వాత క్యాంపు చెప్పాడు.
కోడ్ నింపాను.
ఆ చప్పుడు చేయని లైను తీసేసి
గట్టిగా అరిచే లైను పెట్టాను.
నడిపాను.

నూట పదిహేను మందీ కదిలారు, డి'మెల్లో ముందు,
కొక్కెం ఊడకుండా.
పోచమల్లు పక్కన
నలభై ఒక్క రియాళ్లు, మూడొందల యాభై బైసాలు.

పొద్దున కాగితం చూపిస్తే
అంకె కాదు, పేరు చదివాడు.
పోచం ఒక గడిలో, అల్లు ఒక గడిలో.
"సరిచేయనా?" అన్నాను.
"వద్దు మేడం, పాస్‌పోర్టుల గట్లనే ఉంది.
ఇగ నేన్ ఇద్దర్నే."
నవ్వి, నీళ్ల సీసా నింపుకుని బస్సెక్కాడు.

బకెట్ పారబోసి వచ్చాను.
స్క్రీన్ మీద ఇంకా వెలుగుతోంది, డాలర్ ఒకటి.
ఈ రియాళ్ల దేశంలో
నా చేతిమీదుగా రోజూ పోయే డాలర్ అదొక్కటే.
దానికి సొంత విలువ లేదు.
ఎవరో ఒకరు రావాలి.